కుంగిన కారు, వంగిన చక్రం

పిల్లలూ! మీ వీధిలో ఎక్కడైనా కారు ఆగివుంటే, దాని ముందు నాలుగు గజాల దూరాన గొంతుకూర్చుని ముందు చక్రాలను చూడండి. అవి గోడల్లాగా నిటారుగా వున్నాయా, లేక ఒక పక్కకు ఒరిగివున్నాయా? ఎవరిని అడిగినా, "నిటారుగానే వున్నాయి" అంటారు. కంటికి అట్లాగే కనిపిస్తుంది గనక నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. కాని మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన ఒక కారు నా చేత మళ్లీ సుద్దముక్క పట్టించింది.

ఆ కారు మా మేనల్లుడిది. వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఒక చిన్న కారును సెకండుహాండులో కొన్నాడు. కొని వూరుకోక, దాని పాత స్ప్రింగులు తీయించి పొట్టి స్ప్రింగులు వేయించాడు. దానితో కారు 5 సెంటీమీటర్లు కిందికి కుంగింది. ఇట్లా చేస్తే కారు నేలను అంటిపెట్టుకుని పరుగెత్తే పందెపు కారులా కనిపిస్తుందని కుర్రవాళ్లకు సరదా. కారు బరువు నేలకు దగ్గరయితే మలుపుల్లో వూగటం తగ్గుతుందన్న మాటా నిజమే. స్ప్రింగులు మార్చినవాడు మాత్రం, "చక్రాల అలైన్‌మెంటు తరవాత చూసుకోవచ్చులే" అన్నాడట. ఆ తరవాత అన్నది ఎనిమిది నెలలయినా రాలేదు. ఈ లోపల కారు 11 వేల కిలోమీటర్లు తిరిగింది.

పండగ మర్నాడు అందరం ఆ కారులో శ్రీశైలం వెళ్లాలని అనుకున్నాం. నల్లమల కొండల్లో ఘాటురోడ్డు మలుపులు ఎట్లా వుంటాయో వెళ్లినవారికి తెలుసు. సామాను సర్దుతూ వుంటే, నాలుగో తరగతి చదివే మా మనవరాలు కారు ముందు నిలబడి, "తాతయ్యా, మావయ్య కారు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిందేం?" అన్నది.

వంగి చూశాను. నిజమే! రెండు ముందు చక్రాల పై అంచులు లోపలికీ, కింది అంచులు బయటికీ వున్నాయి. బరువు ఎత్తబోయే పహిల్వాను కాళ్లు ఎడం చేసి నిలబడినట్టున్నది.

మావాడు నవ్వి, "ఏం ఫరవాలేదు మావయ్యా, టైర్లు ఇంకా బాగానే వున్నాయి," అన్నాడు. బయటినుంచి చూస్తే టైరు గాళ్లు లోతుగానే కనిపించాయి. నాకెందుకో తృప్తి కలగలేదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, టార్చిలైటు వేసి టైరు లోపలి అంచును చూశాను. అక్కడ గాడి అన్నదే లేదు. రబ్బరు నున్నగా అరిగిపోయి, దాని అడుగునుండే నూలుపోగులు ఒకచోట పైకి తేలివున్నాయి. ఒకే టైరు బయటి వైపు బాగానే వుండి, లోపలి వైపు చావుకు సిద్ధంగా వున్నదన్నమాట. ఘాటురోడ్డు మీద, అయిదుగురి బరువుతో, ఎండలో వేడెక్కి ఆ టైరు పేలితే ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. మా చెల్లెలు సామాను తిరిగి ఇంట్లోకి మోసుకుపోయింది.

ఆ పూట ప్రయాణం ఆగింది గనక చక్రం ఎంత ఒరిగిందో కొలుద్దామన్నాను. పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. తాపీమేస్త్రీ గోడకు పట్టే తూకపుగుండు వంటిది చాలు. కారును చదునైన గచ్చు మీద నిలిపాం. దారానికి గుండు కట్టి, చక్రానికి ఎదురుగా వేలాడదీశాం. ఇనపచక్రం పై అంచునుంచి దారానికి ఎంత దూరం, కింది అంచునుంచి దారానికి ఎంత దూరం అని స్కేలుతో కొలిచాం. పైన దూరం ఎక్కువ, కింద తక్కువ. తేడా 10 మిల్లీమీటర్లు. ఆ ఇనపచక్రం అడ్డకొలత 39 సెంటీమీటర్లు. అంత చక్రం ఒక డిగ్రీ ఒరిగితే సుమారు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి మా కారు చక్రం ఒకటిన్నర డిగ్రీలు ఒరిగిందని తేలింది.

ఈ ఒరుగుడునే క్యాంబరు అంటారు. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్ క్యాంబరు, బయటికి వాలితే పాజిటివ్ క్యాంబరు. ఇది మోటార్లతో పుట్టినది కాదు. గుర్రపుబండ్ల కాలంలోనే ఇంగ్లండులో ఇరుసు కొనలను కొంచెం కిందికి వంచి, చక్రాల పైభాగం బయటికి వాలేట్టు చేసేవారు. ఆ చక్రాలు పళ్లెంలాగా గుంటగా వుండేవి గనక, ఇరుసు వంచటంవల్ల నేలకు తగిలే వైపు ఆకు నిటారుగా నిలిచి బరువు మోసేది. తొలినాటి మోటారుకార్లకు కూడా ఈ పాజిటివ్ క్యాంబరే వుండేది. ఇప్పటి కార్లలో చాలావాటికి చక్రం దాదాపు నిటారుగానో, కొద్దిగా లోపలికి వాలివుండేట్టుగానో అమరుస్తారు. మలుపులో కారు బయటి వైపుకు ఒరిగినప్పుడు, ముందే కాస్త లోపలికి వాలివున్న చక్రం అప్పుడు నేలకు సమంగా ఆనుతుంది. పందెపు కార్లకు ఈ వాలు మరీ ఎక్కువగా పెడతారు. అందుచేత నెగటివ్ క్యాంబరు అనేది తప్పు కాదు. కావాలని, కొలిచి పెట్టటం వేరు, తెలియకుండా వచ్చిపడటం వేరు.

"నేను స్ప్రింగులు మార్పించానేగాని చక్రాలను ఎవరూ ముట్టుకోలేదు. మరి అవెట్లా వంగాయి?" అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్నే! అక్కడే నేను సుద్దముక్క తీశాను.

చిన్న కార్లలో ముందు చక్రాన్ని పట్టివుంచేవి ముఖ్యంగా రెండు. ఒకటి చక్రం పక్కన నిలువుగా వుండే కంబం. స్ప్రింగు దీనిమీదే వుంటుంది. దీన్ని స్ట్రట్టు అంటారు. దాని పైకొన కారు శరీరానికి బిగించివుంటుంది. రెండోది కింద అడ్డంగా వుండే ఇనపచెయ్యి. దాని లోపలి కొన కారు అడుగున తలుపు బందులాగా తిరుగుతుంది, బయటి కొన చక్రాన్ని పట్టుకుని వుంటుంది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ పద్ధతిని రూపొందించాడు. 1950లో ఇంగ్లండులో ప్రదర్శించిన ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లకు దీన్ని వాడారు. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800కూ ముందు ఇదే వున్నది. చవక, తేలిక, చోటు తక్కువ పడుతుంది. అందుకే ఇంతగా వ్యాపించింది.

వరండా గచ్చు మీద అసలు సైజులోనే గీశాను. మీరూ గీయవచ్చు. అడ్డచెయ్యి పొడుగు 32 సెంటీమీటర్లు అనుకోండి. కారు మామూలు ఎత్తున వున్నప్పుడు దాని బయటి కొన, లోపలి కొనకన్న 6 సెంటీమీటర్లు కిందికి వుంటుంది. అనగా చెయ్యి బయటికి ఏటవాలుగా దిగివుంటుంది. మరి ఇది లంబకోణ త్రిభుజం గదా! 32 వర్గంలోంచి 6 వర్గం తీసివేసి వర్గమూలం కడితే, చెయ్యి అడ్డంగా చాచిన దూరం 31.4 సెంటీమీటర్లు వస్తుంది. ఇప్పుడు కారు 5 సెంటీమీటర్లు కుంగింది. చక్రం నేలమీదే వుంటుంది గనక కిందికి దిగినది చేతి లోపలి కొన. కాబట్టి రెండు కొనల తేడా ఇప్పుడు 1 సెంటీమీటరే. మళ్లీ లెక్క కడితే దాదాపు 32. అంటే చక్రం కిందిభాగం అర సెంటీమీటరు పైచిలుకు బయటికి తన్నుకుపోయింది! వాలివున్న కర్రను మట్టంగా చేస్తే దాని కొన ముందుకు పోవటం మీరు ఎప్పుడైనా గమనించారా? ఇదీ అంతే.

ఇంకో కారణం దీనికంటే పెద్దది. నిలువు కంబం తిన్నగా నిలువు కాదు. దాని పైకొన లోపలికి వాలివుంటుంది. పైకొనకూ కింది కొనకూ నిలువున 65 సెంటీమీటర్లు, అడ్డంగా 15 సెంటీమీటర్లు దూరం వున్నదనుకుంటే, ఆ వాలు 13 డిగ్రీలు. కారు కుంగగానే 65 కాస్తా 60 అయింది. 15 కాస్తా 15.5 అయింది. బళ్లో నల్లబల్ల మీద వాడే కొయ్య కోణమాపకం నా దగ్గర ఇంకా వున్నది. దానితో కొలిస్తే 14 డిగ్రీలు దాటి, పధ్నాలుగున్నర దగ్గర నిలిచింది. పెరిగినది ఒకటిన్నర డిగ్రీలు. తూకపుగుండు చెప్పినదీ అంతే! ఈ కొలతలు చిన్న కార్లకు దగ్గరగా వుండేట్టు నేను ఎంచుకున్నవే గనక అంత సరిగ్గా కలవటం కొంత అదృష్టమనే చెప్పాలి. ఒక్కొక్క కారుకు ఒక్కొక్క లెక్క వుంటుంది.

ఇంకా కుంగదీస్తే ఏమవుతుందో మీరే గీసి చూడండి. చెయ్యి మట్టాన్ని దాటి బయటి కొన పైకి లేస్తుంది. అప్పుడు చక్రం కిందిభాగం మళ్లీ లోపలికి రావటం మొదలుపెడుతుంది. ఇట్లాంటి కారు మలుపుల్లో వూగటం తగ్గదు సరిగదా, చక్రాలు ఒరగవలసిన పక్కకు ఒరగవు. పందెపు కారు వేషం వేసి, పందెపు కారు గుణాన్ని పోగొట్టుకుంటుంది.

మరునాడు పొద్దున్నే కారుకు స్టెప్నీ టైరూ, తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చిన ఇంకో టైరూ బిగించి, నెమ్మదిగా విజయవాడ ఆటోనగరుకు వెళ్లాం. మనవరాలు కూడా బయలుదేరింది. అక్కడ నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్కు వున్నాడు. కంప్యూటర్లు రాకముందు ఆయన కారుకు అటూ ఇటూ దారాలు లాగి కట్టి, స్కేలుతో కొలిచి చక్రాలు సరిచేసేవాడు. పాత టైర్లను డిక్కీలోంచి తీసి చూపించగానే ఆయన, "కారు కిందికి దింపించావా బాబూ? ఆ రోజే వచ్చివుంటే వీటి డబ్బు మిగిలేది," అన్నాడు.

నేను నా లెక్క చెప్పాను. ఆయన విని, "క్యాంబరు కొంత తిన్నది, నిజమే మాస్టారూ. కాని అసలు దొంగ వేరే వున్నాడు," అన్నాడు.

చక్రాలకు పలకలు తగిలించి, కారును కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించి, తెర మీద అంకెలు చూపించాడు. ఎడమ చక్రం ముందు అంచు పావు డిగ్రీ బయటికి తిరిగివున్నది. కుడి చక్రమూ అంతే. మనం పాదాల వేళ్లు ఎడంగా పెట్టి బాతులాగా నడిచినట్టు! పాదాన్ని బట్టే దీనికి ఇంగ్లీషులో టో అనే పేరు వచ్చింది. ముందు అంచులు ఎడంగా వుంటే టో-అవుట్, దగ్గరగా వుంటే టో-ఇన్.

ఇది కూడా స్ప్రింగులవల్లనే వచ్చింది. స్టీరింగునుంచి చక్రానికి టైరాడ్ అనే సన్నని కడ్డీ వెళుతుంది. అదీ అడ్డచెయ్యిలాగే కీలు మీద వూగుతుంది. కాని దాని పొడుగు వేరు, వాలు వేరు. కారు కుంగినప్పుడు రెండింటి కొనలూ రెండు వేరువేరు వంపుల వెంట కదిలాయి. ఒకటి చక్రాన్ని ఎంత తోసిందో రెండోది అంతే తోయలేదు. ఆ తేడా చక్రాన్ని తిప్పేసింది. స్టీరింగును ఎవరూ తిప్పకుండానే!

పావు డిగ్రీ అంటే ఏమాత్రం అనుకుంటాం. లెక్క కట్టి చూడండి. పావు డిగ్రీ పక్కకు చూస్తున్న చక్రాన్ని తిన్నగా లాక్కుపోతే, కిలోమీటరుకు సుమారు 4.4 మీటర్లు అది పక్కకు పోదామని చూస్తుంది, కారు దాన్ని పోనివ్వదు. హైదరాబాదునుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. ఇక్కడికి చేరేసరికి ఆ చక్రాన్ని 1200 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టయింది. 11 వేల కిలోమీటర్లకు 48 కిలోమీటర్లు! రబ్బరు సాగి వంగి కొంత తట్టుకుంటుంది. తట్టుకోలేనిది అరుగుతుంది. నెగటివ్ క్యాంబరువల్ల బరువంతా లోపలి అంచు మీద పడి వుండటంచేత అరుగుడంతా అక్కడే జరిగింది. ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టినట్టు.

ఆయన వెంటనే పానా పట్టలేదు. మొదట నాలుగు టైర్లకూ కొత్తవి రెండు కలిపి గాలి సరిచూశాడు. చక్రాలను వూపి కీళ్లలో లూజు వున్నదేమో చూశాడు. లూజు కీళ్ల మీద కొలిచిన కొలత నీళ్ల మీద రాత వంటిదే గదా! తరవాత కారు ముందుభాగాన్ని చేతులతో అదిమి వదిలి స్ప్రింగులను కుదుటపరచాడు. స్టీరింగును తిన్నగా పట్టి కట్టేశాడు.

క్యాంబరు దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఈ కారుకు క్యాంబరు మార్చటానికి కంపెనీ ఏ ఏర్పాటూ చేయలేదు. కారు ఎత్తు ఎవరూ మార్చరన్న నమ్మకం కాబోలు. కంబం కింది కొననూ, చక్రపు దిమ్మనూ రెండు బోల్టులు కలిపివుంచుతాయి. ఆయన వాటిలో ఒక బోల్టు తీసి, దాని బదులు నడుమున ఒక పక్కకు ఉబ్బివుండే బోల్టు పెట్టాడు. దాన్ని తిప్పినకొద్దీ ఆ ఉబ్బు చక్రపు దిమ్మను తోస్తుంది. చక్రం కొంచెం కొంచెంగా నిటారు కావటం తెర మీద కనిపించింది. రెండు వైపులా అర డిగ్రీకి తెచ్చి బిగించాడు.

"ముందే టో సరిచేసివుంటే ఏం?" అని మావాడు అడిగాడు.

"తెర చూడు బాబూ," అన్నాడాయన. క్యాంబరు మార్చిన ఆ కాసేపట్లో టో అంకె కూడా మారిపోయింది! చక్రం నిటారు అయినప్పుడు టైరాడ్ పొడుగు మారలేదు గదా, అందుచేత చక్రం మళ్లీ కొంచెం తిరిగింది. ముందు టో పెట్టివుంటే ఆ పని బూడిదలో పోసిన పన్నీరు అయ్యేది. అందుకే టో ఎప్పుడూ చివర. టైరాడ్ మీద నట్టు వదులు చేసి, మరలు తిప్పుతూ కుడి ఎడమలు రెంటినీ సమానంగా సరిచేశాడు. ఒక వైపే తిప్పితే కారు తిన్నగా పోతుందేగాని స్టీరింగు చక్రం వంకరగా నిలుస్తుంది.

తెర మీద క్యాస్టరు అని మూడో అంకె కూడా వున్నది. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా వుంటుందే, అటువంటి వాలు. అది హద్దుల్లోనే వున్నది గనక దాని జోలికి పోలేదు. వెనక చక్రాలు రెండూ ఒకే దూలానికి బిగించివుండటంచేత కారు కుంగినా పెద్దగా వంగలేదు.

పని అయ్యాక ఆయన మావాడితో, "ఇంతకీ పాత స్ప్రింగులు పారేశావా?" అన్నాడు. పారెయ్యలేదన్నాడు వాడు. "అయితే తీరిక చూసుకుని తీసుకురా. మన స్పీడుబ్రేకర్లకు ఈ కారు పొట్ట తగులుతుంది. హెడ్‌లైట్లు కూడా మళ్లీ సరిచూసుకోవాలి. పైగా రిజిస్ట్రేషను పత్రంలో కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే చట్టం ఒప్పుకోదు," అన్నాడు. ఆయన అన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ గురించి. మావాడు వెంటనే ఔననలేదు, కాదనలేదు. రెండు కొత్త టైర్ల బిల్లును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మేము బయలుదేరబోతూ వుంటే మెకానిక్కు మా మనవరాలితో, "పాపా, ఒకసారి ముందు సీట్లో కూర్చో," అన్నాడు. అది ఎక్కి కూర్చున్నది. తెర మీద క్యాంబరు అంకె పదో వంతు డిగ్రీ మారింది! దిగితే మళ్లీ మొదటి అంకె వచ్చింది. తరవాత నన్ను కూర్చోమన్నాడు. నాకు అంకె ఇంకా ఎక్కువ మారింది. మనిషి బరువుకు స్ప్రింగు కుంగుతుంది, స్ప్రింగు కుంగితే చక్రం ఒరుగుతుంది. పందెపు కార్లకు చక్రాలు సరిచేసేటప్పుడు నడిపేవాడి సీట్లో అతని బరువంత బరువు పెట్టి కొలవటం ఇందుకేనట.

మా మనవరాలు ఎక్కుతూ దిగుతూ అంకెలను మారుస్తూనే వున్నది. వెనక ఇంకో కారువాడు హారను మోగించేదాకా అది దిగి రాలేదు.